టెండరు పెట్టె నుంచి ఎం-బుక్ దాకా

నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలకు నీళ్లిచ్చే కె.సి. కాలువను మొదట తవ్వించింది సర్కారు కాదు, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. 1858లో లండన్‌లో పుట్టిన ఆ కంపెనీ తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడప దాకా నీళ్లు పారించాలి, పడవలు నడపాలి, తీరువా వసూలు చేసుకోవాలి. ఒప్పందానికి ఆయువుపట్టు మాత్రం వేరే షరతు. పది లక్షల పౌండ్ల మూలధనానికి ఏటా 5 శాతం వడ్డీ ప్రభుత్వ పూచీ. కాలువ పారినా పారకపోయినా లండన్ వాటాదారుకు సొమ్ము ముట్టేది, అదీ ఇక్కడి జనం కట్టే పన్నుల్లోంచి. అలాంటప్పుడు ఖర్చు అదుపులో పెట్టాలన్న తొందర ఎవరికుంటుంది? నల్లరేగడిలో జొన్న, పత్తి వానకే పండుతుంటే తీరువా కట్టి నీళ్లు పెట్టుకోవడానికి రైతులు ముందుకు రాలేదు. రాబడి కుదేలైంది. చివరికి 1882లో సర్కారే ఆ కాలువను కొనుక్కుంది.

ఆ తర్వాత ఆ కాలువ పనులు ప్రజాపనుల శాఖ (పీడబ్ల్యూడీ) పద్ధతిలోకి వచ్చాయి. రేట్ల షెడ్యూలు, ఎస్టిమేటు, టెండరు, అగ్రిమెంటు, అన్నిటికీ చివర ఎం-బుక్. పేజీలకు నంబర్లేసిన ఈ కొలతల పుస్తకంలో ఇంజనీరు పొడవు, వెడల్పు, లోతు రాసి సంతకం పెడతాడు, పై అధికారి కొన్ని కొలతలు మళ్లీ తనిఖీ చేస్తాడు. బిల్లు పుట్టేది ఆ పేజీలోంచే. కాలువ పనుల్లో ఒక చిక్కుంది. పూడిక తీయాలన్నా, గట్టు కట్టాలన్నా నీళ్లు ఆపిన ఎండాకాలమే అదను. పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి లెవెల్స్ తీస్తారు, ఆ రెండింటి తేడాయే తీసిన మట్టి. వానాకాలం నీళ్లు వదిలారంటే అడుగున ఎంత తీశారో ఎవరూ చూడలేరు. మిగిలే సాక్ష్యం కాగితమొక్కటే. ఈ ప్రాంతపు కాంట్రాక్టుల చరిత్రలో అసలు ప్రశ్న అక్కడే ఉందని నాకనిపిస్తుంది. సంస్కరణలు మాత్రం చాలాకాలం మరోచోట, టెండరు పెట్టె దగ్గర జరిగాయి.

ఆ పెట్టెకూ కాపలా అవసరమే, కాదనను. శ్రీశైలం కుడిగట్టు కాలువకు ప్రపంచ బ్యాంకు సొమ్ము, కె.సి. కాలువ ఆధునికీకరణకు జపాన్ రుణం వచ్చాక పనుల విలువ పెరిగింది, పోటీ పడేవాళ్లూ పెరిగారు. టెండరు షెడ్యూళ్లు కొననివ్వకపోవడం, పెట్టె దగ్గర మనుషుల్ని నిలబెట్టడం, అందరూ ఒక గదిలో కూర్చుని రింగైపోవడం రాష్ట్రమంతటా ఎరిగిన భాగోతమే. 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో బిడ్ వేయొచ్చు, ఎవరు వేశారో ముందుగా తెలియదు. అదే ఏడాది జులైలో వచ్చిన జీవో 94 ఎస్టిమేటు మీద 5 శాతం మించి ఎక్సెస్ కోట్ చేస్తే కుదరదంది. కాంట్రాక్టర్లు ఆ గీతకు కాస్త కిందనే కోట్ చేయడం నేర్చుకున్నారు.

2004లో జలయజ్ఞం అనే సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమంతో ఈపీసీ పద్ధతి ఊపందుకుంది. సర్వే, డిజైన్, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరువే, ధర మొత్తంగా ఒక్కటే. ఆ ఊపులోనే శ్రీశైలం జలాశయం నుంచి నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్‌ను 44,000 క్యూసెక్కులకు పెంచాలని 2005లో నిర్ణయించారు. ఆ నీళ్లు బానకచర్ల దగ్గర చీలి ఒకవైపు వెలుగోడు మీదుగా తెలుగుగంగకు, మరోవైపు శ్రీశైలం కుడిగట్టు కాలువకు వెళ్తాయి. ఈపీసీలో పని పరిమాణం తగ్గితే ఆ లాభం కాంట్రాక్టరుకే మిగులుతుంది, ఎం-బుక్ బరువు తగ్గిపోతుంది. అనుమతులు, భూసేకరణ పూర్తికాకుండానే పనులు అప్పజెప్పారని 2012 నాటి కాగ్ నివేదిక తప్పుబట్టింది.

కొలతను జనం ముందు పెట్టింది మరో దారి. 2006లో మొదలైన ఉపాధి హామీ పథకంలో చట్టం ప్రకారం కాంట్రాక్టర్లకు చోటే లేదు. 2009లో ఏర్పడ్డ సామాజిక తనిఖీ సంస్థ మనుషులు ఊళ్లకు వెళ్లి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదివి, గుంత కొలిచి, ఎం-బుక్‌తో సరిచూసి, మండల ప్రజావేదికలో బయటపెట్టారు. తేలిన సొమ్ము రికవరీ నత్తనడకే అనుకోండి, అయినా ఫలానా గట్టు ఎంత పొడవో కూలి మనిషి అడిగే వీలు అంతకుముందు ఏ పద్ధతిలోనూ లేదు. పెద్ద కాలువ పనులకు ఆ తనిఖీ రాలేదు.

2019లో మళ్లీ పెట్టె దగ్గరికే వెళ్లాం. రూ. 100 కోట్లు, అంతకు మించిన పనుల టెండరు పత్రాలను ముందుగా వెబ్‌సైట్‌లో పెట్టి, న్యాయమూర్తి పరిశీలించాలని చట్టం చేశారు. వచ్చిన ధర కంటే తక్కువకు మళ్లీ పోటీ పెట్టే రివర్స్ టెండరింగూ అప్పుడే. పోలవరం పనిని రూ. 4,987 కోట్ల నుంచి రూ. 4,359 కోట్లకు దించామన్నారు. 2024లో ప్రభుత్వం మారాక రివర్స్ టెండరింగ్‌ను ఎత్తేశారు. రెండు పక్షాలూ వాదించుకున్నది బిడ్ ఎంతకు దిగిందన్న దాని మీదే. పని జరిగాక ఎంత కొలిచారన్నది ఆ వాదనలో లేదు.

బిల్లు కథ వేరు. 2018లో ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్ వచ్చాక బిల్లు ఏ టేబుల్ మీదుందో తెరమీద కనిపిస్తుంది, డబ్బు ఏ వరసలో పడుతుందో మాత్రం కనిపించదు. ప్రభుత్వం మారిన ప్రతిసారీ పాత పనుల బిల్లులు ఆగడం మామూలైంది. నీరు-చెట్టు, ఉపాధి హామీ మెటీరియల్ పనులు చేసినవాళ్లు ఆ బకాయిల కోసం హైకోర్టుకెక్కారు.