కొట్టు గోడ మీద బొమ్మ

భద్రాచలం ఏజెన్సీలోని చర్ల బజారుకు సరుకులకు వచ్చేవాళ్లంతా తెలుగు చదవగలవాళ్లు కారు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊళ్ల నుంచి దిగే కోయవాళ్లు తెలుగు మాట్లాడతారు, కానీ బడికి వెళ్లినవాళ్లయితే నేర్చిన అక్షరాలు హిందీవి. మిరపకాయలు కోసే రోజుల్లో చేలకు వచ్చే కూలీల ముఠాలదీ ఇదే సంగతి. ‘ట్రేడర్స్’, ‘ఏజెన్సీస్’, ‘ఎంటర్‌ప్రైజెస్’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా వాళ్లకు అవి వంకర గీతలే. అదే గోడ మీద నిలువెత్తు ఎర్ర మిరపకాయ ఉంటే, పురుగుమందు ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. బొమ్మే ఆ కొట్టు పేరవుతుంది. పట్నంలో ఫీజు పుచ్చుకుని ‘బ్రాండింగ్’ అని చెప్పేది దీన్నే. పుట్టింది మాత్రం చదువు లేని కొనుగోలుదారు కోసం.

ఈ ఉపాయం ఎంత పాతదో చూడాలంటే ఇటలీలోని పాంపేయి దాకా వెళ్లాలి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద కప్పుకుపోయిన ఆ ఊళ్లో వెరెకుందుస్ అనే ఉన్నిబట్టల వ్యాపారి కొట్టు ముఖద్వారం బయటపడింది. ఒక పక్క నాలుగు ఏనుగులు లాగే రథం మీద వీనస్ దేవత. ఆమె కాళ్ల కింద పనివాళ్లు ఉన్ని దువ్వుతుంటారు, నొక్కి బట్ట చేస్తుంటారు. చివర్న ఒక మనిషి తయారైన బట్టను రెండు చేతులా పట్టి చూపిస్తున్నాడు. ఆయనే యజమాని. ఇంకో పక్క వ్యాపార దేవుడు మెర్క్యురీ, ఆయన కింద బల్ల దగ్గర కూర్చుని సరుకమ్ముతున్న ఆడమనిషి. ఏం అమ్ముతారు, ఎలా చేస్తారు, ఎవరు చేస్తారు, ఏ దేవత చల్లని చూపు ఉంది – అన్నీ ఒక్క గోడలో వచ్చేశాయి. ఈ రెండు వేల ఏళ్లలో దీనికి కొత్తగా చేర్చింది ఫోన్ నంబరు ఒక్కటేనేమో.

మన దేశంలో ఈ కిటుకును పెద్ద ఎత్తున వాడుకున్నది 19వ శతాబ్దపు మాంచెస్టర్ బట్టల వ్యాపారులు. తానుల మీద అంటించే రంగురంగుల టికెట్ల నిండా దేవుళ్లూ ఏనుగులూ పులులూ. కొనేవాడికి కంపెనీ పేరుతో పని లేదు, బొమ్మ చూసి అడుగుతాడు. అగ్గిపెట్టెలూ బీడీకట్టలూ అదే బాట పట్టాయి. 1951–52లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చేనాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. అందుకే అభ్యర్థి పేరుకు తోడుగా గుర్తు పెట్టారు. బజారు ఎప్పుడో కనిపెట్టిన ఉపాయాన్ని ప్రజాస్వామ్యం అరువు తెచ్చుకుంది.

చర్ల వైపు బొమ్మతో గుర్తింపు చెప్పడం అంతకు ముందు నుంచీ ఉంది, కాకపోతే అది గోడ మీద కాదు, గుడ్డ మీద. కోయల్లో ఒక్కో గట్టుకూ (గోత్రానికీ) వేల్పుకూ పడిగె అనే మూడుకోణాల జెండా ఉంటుంది. డోలి కొట్టే కళాకారులు దాని మీది బొమ్మలు చూపిస్తూ వంశాల కథ పాడతారు. ఇదే జిల్లాలో మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. రెండేళ్లకు ఆయన వెళ్లిపోయారు. పడిగెను తెచ్చి సబ్బుల కొట్టు గోడ మీద వేయమని నా ఉద్దేశం కాదు, అది పూజలో ఉండే వస్తువు. ఎవరి గుర్తు వారిదిగా, ఇంకొకరితో కలవకుండా ఉండాలన్న పట్టింపు ఈ నేలకు కొత్త కాదని మాత్రం చెప్పాలి.

రోడ్లూ ఎనామిల్ డబ్బాలూ వచ్చాక గోడ పెయింటర్ చేతికి చిక్కింది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో తెరుచుకుంది. లారీలతో పాటు కంపెనీ సరుకూ, దాని వెనకే ప్రకటనా అడవి దాకా వచ్చాయి. పెయింటర్ సరంజామా పెద్దదేం కాదు. చాక్‌పీసు పొడి అద్దిన దారాన్ని ఇద్దరు చెరో కొసా పట్టి లాగి కొడితే గోడ మీద తిన్నని గీత. దాని మీద అక్షరం కూర్చోవాలి. ఇంగ్లిషు అక్షరాలైతే రెండు గీతల మధ్య ఒదిగిపోతాయి. తెలుగుకు పైన గుడి దీర్ఘం, కింద ఒత్తు. ‘వస్త్రాలయం’ అని రాయాలంటే స్త్ర కింద జానెడు జాగా ముందే వదలాలి. ఆ లెక్క తెలియని చేతిలో ఒత్తు కిటికీలోకి దిగుతుంది. బాపు చేతిరాత పెళ్లిపత్రికల మీంచి షాపు బోర్డుల మీదికి పాకాక ఊరూరా పెయింటర్లు ఆ ఒంపు పట్టడానికి తంటాలు పడ్డారు. కుదిరినవాడి పని కోసం జనం వారాలు ఆగేవాళ్లు.

కంపెనీల గోడల సంగతి వేరు. 1894లో అమెరికాలో జార్జియా రాష్ట్రపు కార్టర్స్‌విల్‌లో ఒక మందుల షాపు పక్కగోడ మీద కోకాకోలా సిరప్ అమ్మే మనిషి స్వయంగా ప్రకటన రాశాడు. ఆ కంపెనీ తొలి గోడ ప్రకటనగా దాన్ని ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. అక్కడ మొదలైన బేరం మన కిరాణా కొట్ల దాకా వచ్చింది. రంగు మాది, గోడ మీది, పైసా ఖర్చు లేదు. సిమెంటు, ఎరువులు, విత్తనాలు, ఫోన్ కంపెనీలు గోడంతా కప్పేసి కింద ఓ మూల కొట్టు పేరు రాయించాయి. ఊరికే వచ్చిన రంగని సంబరపడ్డాం గానీ, ముప్పై ఏళ్లు కష్టపడిన దుకాణదారు తన గోడ మీద తానే అద్దెకున్నవాడిలా మిగిలాడు. ఈ ఒప్పందంలో లాభం ఎవరిదో విడిగా చెప్పాలా!

ఏజెన్సీలో గోడ రాత అంటే ముందు గుర్తొచ్చేది వ్యాపారం కూడా కాదు. పార్టీల నినాదాలు, తెల్లారేసరికి వెలిసే మావోయిస్టు పోస్టర్లు, వాటికి పోలీసుల జవాబు పోస్టర్లు. ఎన్నికల గోడలు పెయింటర్లకు పంటకాలం. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా గోడ రాతలను కట్టడి చేయడంతో ఆ పంట ఎండింది. 1997లో ఉమ్మడి రాష్ట్రం బహిరంగ స్థలాల వికృతీకరణను నిరోధిస్తూ చట్టం చేసింది. తర్వాత ఫ్లెక్సీ వచ్చి మిగిలింది ఊడ్చేసింది. పొద్దున చెబితే సాయంత్రానికి చేతికొస్తుంది, చవక. అయితే డీటీపీ సెంటర్‌లో ఒకే ఫైలు తెరిచి పేర్లు మారుస్తారు కాబట్టి టిఫిన్ సెంటర్లన్నిటికీ అదే ఇడ్లీ ఫోటో, అదే చట్నీ గిన్నె. గుర్తు కోసం కట్టిన బోర్డు ఏ కొట్టుకూ గుర్తుగా మిగల్లేదు.

చేతిబొమ్మ మళ్లీ నగరాల నుంచే తిరిగొచ్చింది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ హైదరాబాద్‌లో మఖ్తా బస్తీ ఇళ్ల గోడలను దేశవిదేశీ చిత్రకారులకు అప్పగించింది. ఆ తర్వాత కెఫేలు, జిమ్ములు, బిర్యానీ హోటళ్లు గోడబొమ్మలకు డబ్బు పెట్టసాగాయి. జనం వాటి ముందు నిలబడి ఫోటో దిగితే ప్రచారం దానంతటదే జరుగుతుందన్నది లెక్క. ఆ గాలి చిన్న ఊళ్లకూ వీస్తోంది. నాకున్న పేచీ ఒక్కటే. ‘గిరిజన’ అనగానే తెల్లటి పుల్లల మనుషులు చక్రంలా తిరిగే వర్లీ బొమ్మ దించేస్తారు. వర్లీలది మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు. పెళ్లిళ్లకు ఎర్రమట్టి గోడల మీద ఆడవాళ్లు బియ్యప్పిండితో వేసేవారు. చిత్రకారుడు జీవ్యా సోమా మాశే చేతిలో అది కాగితం మీదికీ ప్రపంచంలోకీ వెళ్లింది. గొప్ప కళే, కానీ చర్లది కాదు. ఇక్కడ దున్నకొమ్ముల తలపాగాతో ఆడే కొమ్ము కోయ ఆట ఉంది, డోలు ఉంది, తునికాకు కట్టలున్నాయి, తాలిపేరు ప్రాజెక్టు గేట్లున్నాయి. తేనె, ఇప్పపువ్వు కొనే కొట్టు గోడ మీద పాల్ఘర్ పెళ్లి దేనికి?

గోడ పట్ల భయం కూడా ఉండాలి. ఇక్కడి వానలు ఎనామిల్ మాట వినవు. కొత్త ప్లాస్టరింగ్ తడారక ముందే రంగు ఎక్కిస్తే ఏడాది తిరక్కుండా పొక్కులొస్తాయి. ప్రైమర్ కొట్టి, బయటి గోడలకు వాడే ఎమల్షన్ మీద బొమ్మ వేస్తే నాలుగు కాలాలు నిలుస్తుంది. చూరునీళ్లు బురద ఎగజిమ్మే కింది మూడడుగుల్లో మొహాలు, అక్షరాలు పెట్టకూడదు. మన ఇళ్లకు అడుగున జాజు పట్టీ పూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. పల్లంలో కొట్టున్నవాళ్లు బొమ్మను ఎత్తులో వేయించుకోవడం మంచిది.

ఇక బొమ్మ మూలన ‘ఫలానా ఆర్ట్స్’ అని ఫోన్ నంబరుతో ఉండే సంతకం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి వేయించిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు వేయించినవాడే. అయితే పేరు చెప్పుకునే హక్కు, పని పాడుచేస్తే అడిగే హక్కు చిత్రకారుడివే. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండా పీకేశారు. ఆయన కోర్టుకెక్కి 2005లో గెలిచారు. శిల్పం తిరిగి ఇప్పించడంతో పాటు 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని ఢిల్లీ హైకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. చర్లలో ఏ పెయింటరూ అంత దూరం పోడు. అతనికి ఆ మూల సంతకమే ప్రకటన, వచ్చే దసరాకు పని తెచ్చిపెట్టేది అదే. దాని మీద సున్నం పూసే ముందు ఆ నంబరుకు ఫోన్ చేసి ఒక మాట చెప్పొచ్చు. చాలాసార్లు అతనే వచ్చి రంగు తాజా చేసి పోతాడు, కొత్త బొమ్మకయ్యే దాంట్లో సగానికే.