గోడలోని గొట్టం విలువెంత?

న్యూయార్క్ నగరం పక్కన లాంగ్ ఐలాండ్‌లో, జెరికో అనే చోట, 1914 జూన్‌లో ఒక పెద్ద ఇల్లు తయారైంది. ఖర్చు 77 వేల డాలర్ల పైచిలుకు. కట్టించుకున్న కెంట్ స్వయానా లాయరు. కట్టింది జేకబ్ అండ్ యంగ్స్ అనే కంపెనీ. ఇంట్లోకి దిగిన తొమ్మిది నెలలకి, 1915 మార్చిలో, కెంట్‌కి ఒక సంగతి తెలిసింది. నీళ్ళ గొట్టాలన్నీ రీడింగ్ కంపెనీవే ఉండాలని కాంట్రాక్టులో రాసుకున్నారు. తీరా చూస్తే వాటిలో కొన్ని వేరే కంపెనీలవి. అప్పటికే అవి చాలావరకు గోడల్లోకి వెళ్ళిపోయాయి. మార్చాలంటే కట్టిన ఇంటిని పగలగొట్టాలి. బిల్డర్ ఆ పని చెయ్యలేదు. పైగా తనకి రావాల్సిన 3,483 డాలర్ల 46 సెంట్లు ఇప్పించమని కోర్టుకెక్కాడు.

సాఫ్ట్‌వేర్ పని చేసుకునే నాకు వందేళ్ళ నాటి ఈ గొట్టాల గొడవతో ఏం పని? న్యూజెర్సీలో మా ఇంటి కింది అంతస్తు బాత్రూమ్ మార్పించాం. నాన్న వాకర్‌తో నడుస్తారు. ఆయన వచ్చి మా దగ్గర ఉండేటప్పుడు కాలు ఎత్తి దాటాల్సిన అవసరం లేకుండా, షవర్ నేల బయటి నేలతో సమంగా ఉండాలని కాంట్రాక్టులోనూ, డ్రాయింగులోనూ ఉంది. కాంట్రాక్టరు మాత్రం నాలుగంగుళాల గట్టు కట్టి, దానిమీద అందంగా టైల్స్ అతికించాడు. సమంగా చెయ్యాలంటే కింద దూలాల దగ్గర్నుంచీ మళ్ళీ పని మొదలుపెట్టాలి. చివరి వాయిదా ఆపేశాను. అతని లాయరు నుంచి ఉత్తరం వచ్చింది. పని ‘సబ్‌స్టాన్షియల్ పెర్ఫార్మెన్స్’ దాకా పూర్తయిందట, గట్టు వల్ల ఇంటి ధర ఒక్క డాలరు కూడా తగ్గలేదట. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే కెంట్ ఇల్లు తగిలింది.

బిల్డర్‌తో తగాదా కొత్తదేమీ కాదు. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దంలో బాబిలోన్ రాజు హమ్మురాబి చెక్కించిన శాసనంలోనే దీనికి చోటుంది. ఇల్లు కూలి యజమాని చనిపోతే బిల్డర్‌కి మరణశిక్ష. యజమాని కొడుకు చనిపోతే బిల్డర్ కొడుక్కి. గోడ ఒరిగితే సొంత వెండి ఖర్చుపెట్టి సరిచెయ్యాలి. కఠినమే, కానీ ఆ శిక్షలన్నీ కూలిన ఇంటికీ, ఒరిగిన గోడకీ సంబంధించినవి. గోడ నిక్షేపంగా నిలబడే ఉంది, కాకపోతే నేను అడిగిన గోడ కాదు. ఇలాంటి ఫిర్యాదు ఆ ఇళ్ళ సూత్రాల్లో లేదు.

కెంట్ ఫిర్యాదు సరిగ్గా అలాంటిదే. 1921లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నలుగురికి ముగ్గురు తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. తీర్పు రాసింది బెంజమిన్ కార్డోజో. తర్వాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్ళినాయన, న్యాయమూ సాహిత్యమూ గురించి వ్యాసం కూడా రాసినాయన. ఆయన వాదన సూటిగా ఉంటుంది. లోపం చిన్నదై, అందులో మోసం లేనప్పుడు, దానికోసం బిల్డర్ మొత్తం బాకీ పోగొట్టుకోకూడదు. సరిచేసే ఖర్చు, దానివల్ల కలిగే మేలుతో పోలిస్తే మరీ ఎక్కువైతే, లెక్కించాల్సింది ఆ ఖర్చు కాదు, ఇంటి విలువలో వచ్చిన తేడా. ఇక్కడ ఆ తేడా దాదాపు సున్నా.

ఇందులో న్యాయం లేదని అనలేను. ప్రతి చిన్న వంకకీ బాకీ మొత్తం ఎగ్గొట్టొచ్చంటే ఏ బిల్డరూ బతకడు. లండన్‌లో 1952లో తేలిన హోనిగ్ వర్సెస్ ఐజక్స్ కేసు చూడండి. 750 పౌండ్లకి ఒక ఫ్లాట్ లోపలంతా అలంకరించి, ఫర్నిచర్ చేసిపెట్టే ఒప్పందం. బీరువా తలుపు బాలేదు, పుస్తకాల అర పొట్టిదైంది. అవి బాగుచేసే ఖర్చు 56 పౌండ్లకి కాస్త తక్కువ. కోర్టు ఆ మేరకు కోసి, మిగతాది ఇవ్వమంది. సబబే అనిపిస్తుంది.

కానీ కార్డోజో తీర్పుని ఒక కథలా చదివితే నాకు వేరేది కనిపిస్తుంది. ‘కొన్ని’ గొట్టాలు వేరేవి అంటాడాయన. వ్యతిరేకించిన జడ్జి మెక్‌లాఫ్లిన్ అడుగులు లెక్కపెడతాడు: వేసింది 2,000 నుంచి 2,500 అడుగులు, అందులో రీడింగుది మహా అయితే 1,000. అంటే సగానికి మించి లేదు. ‘కొన్ని’ అన్న ఒక్క మాటతో పాఠకుడు ముందే బిల్డర్ పక్షాన చేరిపోతాడు. కెంట్‌కి ఆ గొట్టమే ఎందుకు కావాలో తీర్పులో ఎక్కడా లేదు. మెక్‌లాఫ్లిన్ దృష్టిలో ఆ కారణం అడగనే అక్కర్లేదు. అది వట్టి ముచ్చటే కావచ్చు, అయినా డబ్బు పెట్టేది అతను, రాసుకున్నది అతను.

ఆ ముచ్చటకి ఖరీదు కట్టడానికి ఇంకో 74 ఏళ్ళు పట్టింది, అదీ సముద్రానికి అవతల. ఇంగ్లండ్‌లో ఫోర్సిత్ అనే ఆయన పెరట్లో ఈతకొలను కట్టించుకున్నాడు. లోతు ఏడున్నర అడుగులుండాలని ఒప్పందం. తీరా కట్టింది 6 అడుగుల 9 అంగుళాలు, దూకే చోట ఆరడుగులే. బిల్డర్ బాకీకి దావా వేస్తే, ఈయన ఎదురుదావా వేశాడు. దూకడానికి అదీ క్షేమమే, ఆస్తి విలువా తగ్గలేదు. తవ్వి మళ్ళీ కట్టాలంటే 21,560 పౌండ్లు. కింది కోర్టు ఆ ఖర్చు ఇవ్వలేదు, దక్కని సంతోషానికి 2,500 పౌండ్లు ఇచ్చింది. అప్పీలు కోర్టు మొత్తం ఖర్చూ ఇవ్వమంది. 1995లో హౌస్ ఆఫ్ లార్డ్స్ మళ్ళీ 2,500 దగ్గరికే తెచ్చింది. మనిషికి తన ఇంటిమీద ఉండే ఇష్టం మార్కెట్ ధరలో కనపడదనీ, అయినా అది సున్నా కాదనీ లార్డ్ మస్టిల్ అక్కడ వివరించాడు.

నాకు ఈ రెండు తీర్పుల మధ్య దూరమే అసలు చరిత్ర అనిపిస్తుంది. మా తగాదా ఇంకా తేలలేదు. న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన ఇంటి మరమ్మతు ఒప్పందాలూ, వాటిలో చేసే మార్పులూ రాతపూర్వకంగా ఉండాలన్న నియమం ఉంది. గట్టు కట్టమని నేను సంతకం పెట్టిన కాగితం ఏదీ లేదు. అది నా బలం. కానీ ఎదుటి లాయరు ప్రశ్న ఇంకా 1921 నాటిదే: ధర ఎంత తగ్గింది?

ఆ గట్టుతో మా ఇంటి ధర నిజంగానే తగ్గలేదు. రేపు కొనబోయే మనిషి దాన్ని చూడనైనా చూడడు. కాలు ఎత్తలేని మనిషికి మాత్రం ఆ నాలుగంగుళాలు దాటితే తప్ప స్నానం లేదు. పైగా నాన్న కోసం సమంగా ఉన్న నేల కెంట్ గొట్టం లాంటి ముచ్చట కూడా కాదు. చట్టానికి ఇలాంటి తేడా కనపడటానికి హమ్మురాబి నుంచి లెక్కేస్తే మూడున్నర వేల ఏళ్ళకి పైనే పట్టింది. కనపడ్డాక కూడా అది దానికి కట్టిన ఖరీదు 2,500 పౌండ్లు. తక్కువే. కానీ సున్నా కాదు, నేను పట్టుకు కూర్చున్నది ఆ మాటనే.