రెక్కలు ఈ ఒక్క సాయంత్రానికే

కదలకు. ఇంకా వేళ కాలేదు.

నువ్వు చెదల పుట్టలో ఉన్నావు. చిమ్మచీకటి. నీలాంటివాళ్ళు వందల మంది ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డారు. నీ వీపు మీద నాలుగు రెక్కలు, ఒంటికన్నా పొడవైనవి, ఈ ఇరుకులో అడుగడుగునా అడ్డం పడుతున్నాయి. మృగశిర కార్తె వచ్చింది. మధ్యాహ్నం నుంచి పైన ఒకటే వాన. ఇప్పుడు వెలిసింది. గోడల్లోకి తడి దిగింది, చల్లదనం కాళ్ళకు తెలుస్తోంది.

నీ కాళ్ళ సందుల్లోంచి కూలీ చెదలు పరుగెడుతున్నాయి. వాటికి రెక్కలు లేవు, కళ్ళూ లేవు. నీకు రెండూ ఉన్నాయి, ఇన్నాళ్ళూ వాటితో పని మాత్రం పడలేదు. కూలీలు పుట్ట గోడకు కన్నాలు పెడుతున్నాయి. కన్నాల అంచున పెద్ద తలకాయల సిపాయిలు దవడలు తెరిచి కాపలా కాస్తున్నాయి.

వెలుతురు! బూడిద రంగు, సన్నటి గీత.

నీ ముందున్నది తల బయట పెట్టింది. కాకి ముక్కు దిగింది. అది లేదు.

వెళ్తావా? ఆగుతావా? ఒంటరిగా వెళ్ళకు. గుంపు కదిలినప్పుడే కదులు. వేలమంది ఒక్కసారి లేస్తే తినేవాళ్ళ కడుపులు నిండిపోతాయి, కొందరైనా మిగులుతారు. నీలాంటి రెక్కల చెదలకు, ఉసిళ్ళకు, తెలిసిన ఉపాయం ఇదొక్కటే. చాలా ఖరీదైన ఉపాయం.

వెనకనుంచి తోపు. ఇప్పుడే. ఎగురు!

నీకు ఎగరడం సరిగా రాదు. గాలి ఎటు తోస్తే అటు పోతున్నావు. ఎడమ పక్క నల్లటి తోక మెరిసింది. ఏట్రింత పిట్ట. తప్పుకున్నావు. కింద కప్ప నాలుక చాచింది. పక్కది పోయింది. నువ్వు కాదు.

ఎదురుగా పెద్ద దీపం. ఒళ్ళంతా అటే లాగుతోంది. దాని కింద పళ్ళెంలో నీళ్ళు మెరుస్తున్నాయి. వందల రెక్కలు తేలుతున్నాయి. గోడ మీద బల్లులు బారులు తీరాయి. పళ్ళెం పెట్టింది మనుషులు. ఉసిళ్ళను వేయించి బొరుగుల్లో కలుపుకు తినే ఊళ్ళు ఉన్నాయి. దీపమా, చీకటా?

చీకటి. తిరుగు. దిగు.

తడి మట్టి. కాళ్ళు ఆనాయి. ఇక రెక్కలు బరువే. ఒక్కసారి ఒళ్ళు విదిలించు. రెక్కల మొదట్లో ఉన్న సన్నటి గీత దగ్గర నాలుగూ పుటుక్కున విరిగి పడ్డాయి. నొప్పి లేదు. పొట్ట పైకెత్తి నీ వాసన గాలికి వదులు. మగచెద ఆ వాసన పట్టి వస్తాడు.

వచ్చాడు. మీసాలతో నీ పొట్టను తాకుతూ వెనకే నడుస్తున్నాడు. ముందు నువ్వు, వెనక అతను.

చీమలు!

పరుగెత్తు. ఆగకు. నిన్ను తెల్లచీమ అనేవాళ్ళున్నారు. చీమ నీకు చుట్టం కాదు, పగవాడు. నీ చుట్టం వంటింటి బొద్దింక. రాయి పక్కన మెత్తటి మట్టి. తవ్వు. ఇద్దరూ తవ్వండి. దూరు. మూసెయ్.

చీకటి. మళ్ళీ చీకటి, ఈసారి నీ సొంతం.

ఇప్పుడు తిండి ఏది? బయటికి వెళ్ళడానికి లేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు, ఇక అక్కరలేని రెక్కల కండ, అవే కరిగించుకు బతుకుతున్నావు. గుడ్లు పెట్టావు. గుడ్లలోంచి పిల్లలు వచ్చాయి. వాటికి మీ ఇద్దరి నోటి ఊటే పాలు. ఆ పిల్లలే మొదటి కూలీలై సొరంగం తవ్వి బయటికెళ్ళి ఎండుటాకులు, పుల్లలు కొరికి తెస్తున్నాయి.

పుల్ల తినడం తేలిక కాదు. చెట్టు ఎండను పట్టి తయారు చేసుకున్న సెల్యులోజ్ అందులో ఉంది, దాన్ని లిగ్నిన్ అనే గట్టి పదార్థం బిగించి పట్టుకుంది. మీ కడుపుల్లో బాక్టీరియా కోకొల్లలు. అయినా ఇంత గట్టి సరుకును అరిగించడం వాటివల్ల మాత్రమే అయ్యే పని కాదు. అందుకే కూలీలు నమిలి మింగిన పుల్లను లద్దెలుగా పేర్చి తోట కడుతున్నాయి. బయట పుట్టకొక్కుల నుంచి రాలిన సిద్ధబీజాలు ఆ పుల్లలతోపాటే లోపలికి వచ్చాయి. కాలు పెట్టి చూడు: తోటంతా స్పంజిలా మెత్తగా, వెచ్చగా ఉంది. దాని మీద ఆవగింజలంత తెల్లటి ఉండలు. అది శిలీంధ్రం. లిగ్నిన్‌ను విడగొట్టి, పుల్లను తినదగ్గ తిండిగా మారుస్తోంది.

కలుపు కూడా వస్తుంది. వేరే శిలీంధ్రం మొలకెత్తితే కూలీలు పీకి పారేస్తాయి. చెదలు చచ్చిన పుట్టలో ఆ కలుపే తోటనంతా కమ్మేస్తుంది.

ఏళ్ళు గడుస్తున్నాయి. నీ పొట్ట వేలెడంత ఉబ్బింది. కదలలేవు, రోజుకు వేల గుడ్లు పెడుతున్నావు. మగ తేనెటీగ జతకట్టగానే చస్తుంది. నీ మగచెద మాత్రం ఇంకా పక్కనే ఉన్నాడు.

పైన మళ్ళీ వానలు. నీ తోటలోంచి కాడలు మట్టిని చీల్చుకుని లేచి గొడుగులు విప్పాయి. పొద్దున్నే ఎవరో పిల్లలు బుట్టతో వస్తారు, వాటిని కోసుకుని కూరకు తీసుకెళ్తారు. చెదలు లేకుండా ఆ పుట్టకొక్కును పండించే పద్ధతి మన రైతుల చేతికి ఇంకా రాలేదు.