‘సొంత పిల్లల’ చేతిపని: థురింగియా క్రిస్మస్ అలంకరణల చరిత్ర – ఒక పరిశీలన

క్రిస్మస్‌కు ఇంట్లోనే పిల్లలను కూర్చోబెట్టుకుని కాగితంతో, గడ్డితో, ఎండిన కాయలతో అలంకరణలు చేయడాన్ని నేడు పర్యావరణ హితమైన ఆచరణగా ప్రోత్సహిస్తున్నారు. ఈ ప్రోత్సాహం వెనుక ఎవరూ ప్రశ్నించని రెండు నమ్మకాలున్నాయి. ఇంట్లో చేసిన వస్తువు అంగడికి వెలుపలిదని ఒకటి. పిల్లలు చేసిన పని ఆటే తప్ప శ్రమ కాదని రెండవది. క్రిస్మస్ చెట్టు అలంకరణకు పుట్టిల్లుగా పేరొందిన జర్మనీలో, అందునా థురింగియా అటవీ ప్రాంతంలో, ఈ రెండు నమ్మకాలకూ ఆధారమూ దొరుకుతుంది, ఖండనమూ దొరుకుతుంది. ఒకే అడవి అంచున, ఒకే శతాబ్దిలో, పిల్లల చేతిపని రెండు వేర్వేరు రూపాలు దాల్చింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా వస్తువుల సంగతి. 1605లో స్ట్రాస్‌బర్గ్ నగరాన్ని గురించి పేరు తెలియని ఒకరు రాసిపెట్టిన వివరాల్లో ఇళ్లలో నిలబెట్టిన దేవదారు జాతి చెట్ల ప్రస్తావన ఉంది. వాటికి రంగురంగుల కాగితాలతో కత్తిరించిన గులాబీలను, ఆపిల్ పళ్లను, పలుచని అప్పాలను, బంగారు రేకులను, చక్కెర మిఠాయిలను వేలాడదీసేవారు. చెట్టు అలంకరణకు లభిస్తున్న తొలి వర్ణనల్లో ఇది ఒకటి. ఇందులో చాలా వస్తువులు తినదగినవి, మిగిలినవి కాగితమూ రేకూ. అంటే నేడు మనం ప్రత్యామ్నాయం అంటున్నదే నిజానికి మూలరూపం. గాజు గుండు, సీసపు తీగ, ప్లాస్టిక్ కొమ్మ తరువాత వచ్చినవి. చెట్టు మీద మెరిసే సన్నని తీగలను చాలాకాలం సీసంతో చేశారు. వీటివల్ల పసిపిల్లలకు అనవసరమైన ప్రమాదం కలుగుతోందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1972లో అభిప్రాయపడింది. ప్లాస్టిక్ తళుకుపొడి విడి అమ్మకాలపై ఐరోపా సమాఖ్య 2023లో ఆంక్షలు తెచ్చింది. కాగితానికీ గడ్డికీ నేడు తిరిగి వచ్చిన గౌరవానికి ఈ నిర్ణయాల నేపథ్యం కొంత ఉంది. అయితే వస్తువు నిర్దోషమైనంత మాత్రాన దానిని చేసిన పని కూడా నిర్దోషమైనదని చెప్పలేం.

ఫ్రోబెల్ బల్ల మీది కాగితం

శిశు విద్యావేత్త ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1782లో థురింగియా అడవిలోని ఓబర్‌వైస్‌బాఖ్ గ్రామంలో ఒక పాస్టరు కుమారుడిగా జన్మించాడు. 1837లో అదే ప్రాంతంలోని బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను నెలకొల్పాడు. దానికి 1840లో ‘కిండర్‌గార్టెన్’ అని పేరుపెట్టాడు. ఆయన విధానంలో పిల్లలకిచ్చే ఆటవస్తువులు ఒక ఎత్తు, వారి చేత చేయించే పనులు మరొక ఎత్తు. కాగితం మడవడం, కత్తిరించడం, సన్నని కాగితపు బద్దీలను చాపలా అల్లడం, సూదితో గుచ్చి బొమ్మ తీయడం, దారంతో కుట్టడం ఆ పనుల్లో ముఖ్యమైనవి. నాలుగు బద్దీలను పెనవేసి చేసే నక్షత్రాన్ని జర్మనీలో నేటికీ ‘ఫ్రోబెల్ నక్షత్రం’ అంటారు. దానిని ఆయనే కనిపెట్టాడనడానికి ఆధారం లేదు. కానీ పేరు ఆయన మీదే నిలిచిందంటే, కాగితపు అల్లిక ఆయన పేరుతో ఎంతగా ముడిపడిందో తెలుస్తుంది.

ఫ్రోబెల్ దృష్టిలో ఈ పనుల ఫలితం నక్షత్రమో చాపో కాదు. మడత విప్పినప్పుడు పిల్లవాడికి కనిపించే సౌష్ఠవం, భాగానికీ సమగ్రానికీ ఉన్న సంబంధం, తన చేతితో ఒక రూపం కలిగించగలనన్న ఎరుక – ఇవీ ఆయన ఆశించినవి. చేసిన వస్తువు చిరిగిపోయినా నష్టం లేదు. ఎన్ని చేశారన్న లెక్కా లేదు. ఇంత నిరపాయంగా కనిపించే విధానాన్ని ప్రష్యా ప్రభుత్వం 1851లో నాస్తికత్వం, సామ్యవాదం అంటగట్టి నిషేధించింది. ఫ్రోబెల్ అన్న కుమారుడు కార్ల్ ఫ్రోబెల్ రచనకూ ఈయన ఆలోచనలకూ మధ్య కలిగిన గందరగోళం ఇందుకు కొంత కారణం. మరుసటి ఏడే ఫ్రోబెల్ మరణించాడు. 1860లో గాని నిషేధం తొలగలేదు. పిల్లల చేతిలోని రంగుకాగితాన్ని చూసి ఒక రాజ్యం బెదరడం హాస్యాస్పదంగా తోచవచ్చు. కానీ పిల్లల చేతులు ఎవరి కోసం పనిచేయాలన్నది రాజకీయ ప్రశ్నేనన్న సంగతిని ఆ ప్రభుత్వం మరో దారిలో గ్రహించినట్లే ఉంది.

లౌషా ఇళ్లలోని గాజు

అదే అడవిలో, ఫ్రోబెల్ పుట్టిన ఊరికి పెద్ద దూరం కాని లౌషాలో 1597 నుంచి గాజు పని సాగుతోంది. 19వ శతాబ్ది మధ్యభాగంలో అక్కడి గాజు ఊదేవారు క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు గుండ్లు చేయసాగారు. ఆపిల్ పళ్లు, అక్రోటు కాయలు కొనలేని ఒక పేద పనివాడు వాటిని గాజుతో చేసి తన చెట్టును అలంకరించాడని ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉంది. చారిత్రక సాక్ష్యంగా దాని విలువ స్వల్పం. కథగా మాత్రం గమనించదగినది. తన ఇంటి కోసం తానే చేసుకున్న అలంకరణగా ఆ వస్తువు పుట్టుకను చెప్పుకోవడంలో, తరువాత అది ఏమైందో మరచిపోవాలన్న కోరిక కనిపిస్తుంది.

తరువాత అది ఇంటింటి పరిశ్రమ అయింది. 1867లో ఊరికి గ్యాసు సరఫరా వచ్చాక మంటను నిలకడగా ఉంచడం సాధ్యమై, పలుచని గోడగల పెద్ద గుండ్లను ఊదగలిగారు. పని జరిగేది కర్మాగారంలో కాదు, ఇంట్లోనే. తండ్రి మంట ముందు కూర్చుని గాజు గొట్టాన్ని ఊదేవాడు. తల్లి గుండు లోపల వెండి ద్రావణం పోసి, కదిపి, అద్దంలా మెరిసేలా చేసేది. రంగులు అద్దడం, ఆరబెట్టడం, మెడ కోసి లోహపు మూత తొడగడం, డజన్ల లెక్కన పెట్టెల్లో సర్దడం వంటి పనుల్లో పిల్లల చేతులు పడేవి. సరుకును వీపున బుట్టలో మోసుకుని స్త్రీలు జోన్నెబెర్గ్‌కు నడిచి వెళ్లి వర్తకులకు అప్పగించేవారు. ధర నిర్ణయించేది వర్తకుడు. 1880ల నుంచి అమెరికాలోని వూల్‌వర్త్ దుకాణాలు ఈ గుండ్లను చౌకగా అమ్మి గిరాకీని ఎన్నో రెట్లు పెంచాయి. అట్లాంటిక్‌కు ఆవల మరొక ఇంట్లో పిల్లలు చెట్టు ముందు నిలబడి ఆనందించడానికి, ఇక్కడి ఇంట్లో పిల్లలు నెలల తరబడి మూతలు తొడిగారు.

ఈ కుటుంబాలను కేవలం దయనీయంగా చిత్రించడం కూడా సరికాదు. లౌషా పనివారి నైపుణ్యం అసాధారణమైనది, దాని పట్ల వారికి గర్వమూ ఉంది. తల్లిదండ్రుల పక్కన కూర్చునే ఆ విద్య తరాలు దాటింది. చిక్కంతా ఇక్కడే ఉంది. నేర్చుకోవడమూ సంపాదించడమూ ఒకే బల్ల మీద, ఒకే గంటలో జరుగుతున్నప్పుడు ఏది ఎక్కడ ముగిసిందో బయటివారు చెప్పలేరు. ఒక్కోసారి ఇంటివారూ చెప్పలేరు. ఫ్రోబెల్ బల్లకూ లౌషా బల్లకూ తేడా ముడిపదార్థంలో లేదు, చేతి నేర్పులో అంతకన్నా లేదు. లెక్కలో ఉంది. మొదటి బల్ల దగ్గర పిల్లవాడికి విసుగు పుడితే పని ఆగుతుంది. రెండవ బల్ల దగ్గర డజను నిండితేనే ఆగుతుంది.

ఈ రెండు బల్లల మధ్య గోడ దృఢమైనదేమీ కాదు. ఇందుకు థురింగియా వెలుపలి ఉదాహరణ ఒకటి చూడవచ్చు. మొరేవియన్ సమాజం వారి పాఠశాల ఉన్న నీస్కీ పట్టణంలో 1821లో ఒక ఉత్సవ సందర్భంగా 110 కోణాల కాగితపు నక్షత్రాన్ని వెలిగించారు. ఆ సమాజపు వసతి పాఠశాలల్లో చదివినవారిలో దూరదేశాలకు వెళ్లిన మిషనరీల పిల్లలు చాలామంది. క్రిస్మస్‌కు ముందటి వారాల్లో వారు కాగితంతో, అట్టతో నక్షత్రాలు చేసేవారు. క్షేత్రగణిత పాఠంగానూ, ఇంటిని తలచుకునే సాధనంగానూ అది ఉపకరించింది. ఆ శతాబ్ది చివర పీటర్ హెండ్రిక్ ఫెర్‌బెక్ దానిని విడదీసి మళ్లీ బిగించగల వస్తువుగా మార్చి అమ్మకానికి పెట్టాడు. 1925లో హెర్న్‌హూట్‌లో అందుకోసం సంస్థే ఏర్పడింది. 17 చతురస్ర పీఠాల కొనలు, 8 త్రిభుజ పీఠాల కొనలు, మొత్తం 25 ఉండే ఆ నక్షత్రం నేటికీ అమ్ముడవుతోంది. పాఠం సరుకైంది. ఫ్రోబెల్ పనుల గతీ కొంతవరకు ఇదే. అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ కిండర్‌గార్టెన్ సామగ్రిని తయారుచేసి అమ్మింది.

‘సొంత పిల్లలు’ అనే వర్గం

ఇంటి పరిశ్రమల్లోని బాలల శ్రమ 19వ శతాబ్ది చివరికి జర్మనీలో బహిరంగ చర్చకు వచ్చింది. కర్మాగారాల్లో పిల్లలను నియంత్రించిన చట్టాలు ఇంటి గడప దగ్గర ఆగిపోయేవి. 1903 మార్చి 30న వచ్చిన బాలకార్మిక చట్టం మొదటిసారిగా గడప దాటింది. కానీ దాటుతూనే పిల్లలను రెండు వర్గాలు చేసింది: పరాయి పిల్లలు, సొంత పిల్లలు. పరాయి పిల్లలను 12 ఏళ్లలోపు పనిలో పెట్టరాదు. సొంత పిల్లల విషయంలో సాధారణ పరిమితి 10 ఏళ్లు. తల్లిదండ్రుల అధికారాన్ని గౌరవించే పేరిట, శ్రమ ఎక్కువగా జరిగే చోటనే చట్టం మెత్తబడింది.

1906లో బెర్లిన్‌లో జరిగిన గృహ పరిశ్రమల ప్రదర్శన ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. ఇళ్లలో తయారైన వస్తువుల పక్కన వాటికి పట్టిన సమయాన్ని, దక్కిన కూలిని రాసిపెట్టారు. ఆ ప్రదర్శనకు కేటే కోల్విట్జ్ గీసిన గోడపత్రికలో అలసిపోయిన ఒక స్త్రీ ముఖం ఉంది. ఆ గోడపత్రికలు ఉన్నంతవరకు తాను రానని జర్మనీ మహారాణి అభ్యంతరం తెలిపింది. వస్తువును చూడటానికి సిద్ధపడి, చేసిన ముఖాన్ని చూడటానికి సిద్ధపడకపోవడం ఆమె ఒక్కతె లక్షణం కాదు.

భాషా విద్యార్థులకు ఇక్కడ గమనింపు అవసరమైన విషయం ఒకటుంది. జర్మన్ భాషలో ఇంట్లో ఉండి వర్తకుడి కోసం చేసే పనికి, బడి పిల్లవాడు ఇంట్లో చేసే అభ్యాసానికి వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో ‘ఇంటిపని’ అంటే వంట, ఊడ్పు. బడి ఇచ్చిన అభ్యాసమూ అదే. కూలికి చేసే పనిని చెప్పడానికి మనం ‘కుటీర పరిశ్రమ’ అన్నాం. ఆ సమాసంలో కుటీరం ఉంది, పరిశ్రమ ఉంది, వర్తకుడు లేడు. ‘చేతిపని’ అనే మాట మరింత ఉదారమైనది. అందులో ముచ్చటా ఇముడుతుంది, కూలీ ఇముడుతుంది.

మాటలోని ఈ వెసులుబాటుకు ఆంధ్రదేశంలోనే బలమైన ఉదాహరణ నరసాపురం లేసు. గోదావరి డెల్టాలో 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక క్రమంగా విదేశీ విపణి కోసం ఇళ్లలో సాగే ఉత్పత్తిగా మారింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనంలో, అల్లే స్త్రీలను ‘గృహిణులు’గా, వారి పనిని తీరిక వేళల కాలక్షేపంగా పరిగణించడం వల్లనే అతి తక్కువ కూలి సాధ్యమైందని నిరూపించడానికి పూనుకున్నారు. లౌషా గాజుకూ నరసాపురం దారానికీ చారిత్రక సంబంధం ఉందని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఇల్లు అనే మాట రెండు చోట్లా చేసిన పని ఒకటే అని మాత్రం చెబుతోంది.

చట్టంలోనూ పోలిక దూరమైనది కాదు. బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో మన పార్లమెంటు చేసిన సవరణ 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్నది. వెంటనే ఒక మినహాయింపు ఇచ్చింది. బడి వేళల తరువాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో పిల్లలు సాయం చేయవచ్చు. కుటుంబం అంటే తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాత్రమే కాదు. పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని కూడా. 1903 నాటి ‘సొంత పిల్లలు’ మన బంధువాచకాలు ధరించి తిరిగి వచ్చారు.

డిసెంబరులో తెలుగు ఊళ్లలోని క్రైస్తవుల ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. బైబిలు తెలుగు అనువాదంలో అది ‘నక్షత్రము’, జనం నోట ‘స్టారు’. వెదురు బద్దలను దారంతో కట్టి, రంగుకాగితాన్ని మైదా లైతో అతికించి పిల్లలూ పెద్దలూ కలిసి చేసుకునే పద్ధతి ప్లాస్టిక్ స్టార్లు వచ్చాక కొంత తగ్గినా పోలేదు. పర్యావరణ స్పృహతో ఈ వెదురు నక్షత్రానికి గిరాకీ పెరిగితే, దానిని అమ్మకానికి చేసే ఇళ్లూ పెరుగుతాయి. అప్పుడు ఒక వీధిలో తమ గుమ్మానికి కట్టుకోవడానికి బద్దలు పట్టుకున్న పదేళ్ల పిల్ల, పక్కవీధిలో మేనమామ ఒప్పుకున్న సరుకు కోసం నలభయ్యో నక్షత్రానికి లై రాస్తున్న పదేళ్ల పిల్ల – బడి వేళ దాటినంత వరకు – చట్టం కంటికి ఒక్కలాగే కనిపిస్తారు.