ఎనిమిది సెకన్లు

ఐరన్‌ఫోర్జ్‌లో బ్యాంకు మెట్ల మీద నిలబడి ఉన్నావు. కొండ కడుపు తొలిచి మరుగుజ్జులు కట్టుకున్న నగరం ఇది. నగరం నడిబొడ్డున కరిగిన లోహం ధారలు కడుతోంది. దాని ఎర్రటి వెలుగు గోడల మీద ఆడుతోంది. నీ చుట్టూ పది పదిహేను మంది, ఒకరు గుర్రం మీద, ఒకరు పొట్టేలు మీద, ఇంకొకరు చారల పులి మీద. ఎవరికీ పనిలేదు, ఊరికే గెంతుతున్నారు. నువ్వూ మరుగుజ్జువే. ఒంటి మీద తెల్లంగీ, చేతిలో కర్ర, నెత్తి మీద పేరు: వెన్నెల.

గదిలో రాత్రి పదకొండవుతోంది. కూకట్‌పల్లి, 2020 జనవరి. అమ్మానాన్న పడుకున్నారు. తలుపు కింద సందులో దుప్పటి కుక్కావు, కీబోర్డు చప్పుడు హాల్లోకి పోకుండా.

ఈ లోకం తలుపులు తెరిచిన రాత్రి నీకింకా గుర్తుంది. 2019 ఆగస్టు 27, మన గడియారంలో తెల్లవారుజామున మూడున్నర. 2004లో పుట్టిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటని, దాని 2006 నాటి రూపంలో మళ్ళీ తెచ్చి క్లాసిక్ అని పేరు పెట్టారు. ఆ రాత్రి క్యూలో నీ ముందు వేల మంది. అప్పట్నుంచీ ఐదు నెలలు తోడేళ్ళని కొట్టావు, మూలికలు ఏరావు, అరవయ్యో లెవెల్‌కి వచ్చావు. దాని పైన ఇంకో లెవెల్ లేదు. ఇక ఒక్కడివే చెయ్యగలిగింది పెద్దగా ఏమీ మిగల్లేదు. మిగిలిందల్లా రెయిడ్. నలభై మంది ఒకేసారి ఒక గుహలోకి దిగి, ఒంటరిగా ఎవరూ తాకలేని వాటిని కూల్చడం. నలభై మంది కావాలంటే గిల్డ్ కావాలి.

చాట్ పెట్టెలో ప్రకటనలు కిందినుంచి పైకి పరుగెడుతున్నాయి. ఒక్కటి చదివేలోగా నాలుగు పోతున్నాయి. ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది: ప్రీస్ట్ కావాలి, డ్వార్ఫ్ అయితే మరీ మంచిది. నువ్వు రెండూ: వైద్యం చేసే ప్రీస్ట్‌వి, డ్వార్ఫ్ అనే మరుగుజ్జువి. డ్వార్ఫ్ అయితే ఏమిటి గొప్ప అంటావా? నీ దగ్గర ఒక మంత్రముంది, భయాన్ని ఒక్కసారి ఆపేది. మోల్టన్ కోర్ అనే రెయిడ్ గుహలో మాగ్మడార్ అని రెండు తలల వేటకుక్క ఉంది. అది అరిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు చేతిలో పని వదిలేసి పిచ్చిపట్టినట్టు పరుగెడతారు. ముందు నిలబడి దెబ్బలు కాచే ట్యాంక్ కూడా అలాగే పరుగెత్తాడంటే రెయిడ్ అయిపోయినట్టే. అతని మీద నీ మంత్రం ఉంటే పరుగెత్తడు. అందుకే నువ్వు కావాలి.

"పని కోసం చూస్తున్నా" అన్నట్టు ఒక్క ముక్క కొట్టావు. నిమిషంలో మూడు గుసగుసలు, నీకొక్కడికే కనిపించే సందేశాలు, వచ్చాయి.

మొదటివాడు పలకరించకుండానే ఒంటి మీద ఏమేం వస్తువులున్నాయో పంపమన్నాడు. పంపావు. సరే, రేపు రా అన్నాడు. కూల్చిన బాస్‌ల దగ్గర దొరికే లూట్ ఎలా పంచుతారని అడిగావు. ఆఫీసర్లు చూసుకుంటారు అన్నాడు. ఆఫీసర్లు కూర్చుని పంచడం తప్పేమీ కాదు, మంచి గిల్డ్‌లు చాలా అలాగే చేస్తాయి. కానీ ఎలా చూసుకుంటారో చెప్పమంటే జవాబు రాలేదు.

రెండోవాడికి అన్నీ సరే. ఎవరైనా రావచ్చు, రూల్సేమీ లేవు. ఎన్నింటికి మొదలు? జనం రాగానే.

మూడోది ఒకామె, రెయిడ్ లీడర్. ముందు నిన్ను అడిగింది: ఏ దేశం, పింగ్ ఎంత, సర్వర్ టైమ్ ఎనిమిది అంటే నీకు ఎన్నిగంటలు? యూరప్‌లో రాత్రి ఎనిమిదంటే నీకు పన్నెండున్నర. మార్చి చివర వాళ్ళు గడియారాలు ముందుకు జరుపుకుంటే పదకొండున్నర. సర్వర్ దాకా వెళ్ళొచ్చే పింగ్ 150 మిల్లీసెకన్ల చుట్టూ ఆడుతోంది. ఉన్నదున్నట్టు చెప్పావు. ఆమె లూట్ సంగతి చెప్పింది. పాయింట్లు. వచ్చిన రాత్రికి ఇన్ని, కూల్చిన బాస్‌కి ఇన్ని, వస్తువు తీసుకుంటే తగ్గుతాయి. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలో డ్రాగన్లని చంపినందుకు పాయింట్లు రాసుకున్నారు, ఆ డ్రాగన్ పాయింట్ల పేరే మారకుండా ఇక్కడిదాకా వచ్చింది. ఎవరికెన్ని ఉన్నాయో అందరికీ కనిపించే పట్టిక లింకు పంపింది.

చివర్లో ఒకటి అడిగింది. తోలు ఒలిచే పని వచ్చా?

రాదు. ఎందుకు?

ఒనిక్సియా పొలుసుల కోసం అంది. ఆ ఒక్క మాటతో నువ్వు కుర్చీలో నిటారుగా కూర్చున్నావు. ఫిబ్రవరిలో తర్వాతి రెయిడ్ తెరుస్తారు, బ్లాక్‌వింగ్ లేర్. దాని చివర నెఫారియన్ అనే నల్ల డ్రాగన్ నల్లటి మంట ఊదుతుంది. ఆ మంటని కాచుకునేది ఒనిక్సియా పొలుసులతో కుట్టిన పైవస్త్రం ఒక్కటే. నలభై మందికి నలభై పైవస్త్రాలు. ఒనిక్సియా కూడా డ్రాగనే, ఐదు రోజులకోసారి గానీ దొరకదు. దాన్ని కూల్చాక కళేబరాన్ని ఒలవకుండా వదిలేసే గిల్డ్‌లు ఎన్నో. వీళ్ళు మాత్రం లెక్కపెట్టుకుంటూ పోగేస్తున్నారు. అప్‌డేట్లు చదివే మనుషులు వీళ్ళు.

చదవకపోతే ఏమవుతుందంటే, లోకం నీకు చెప్పకుండా మారిపోతుంది. 2005 సెప్టెంబరులో ఒక ప్యాచ్‌తో జుల్‌గురుబ్ అనే రెయిడ్ వచ్చింది. దాని చివరి బాస్ హక్కార్ అంటించే రక్తం జబ్బు ఆ రెయిడ్ దాటి రాకూడదు. పెంపుడు జంతువుల్ని పట్టుకుని బయటికొచ్చేసింది. నగరాల్లో ఎముకల గుట్టలు. అంటువ్యాధుల మీద పనిచేసేవాళ్ళు దాని గురించి 2007లో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్‌లో రాశారు. ఆట ఆటే, కానీ అందులో మనుషులు నిజం మనుషుల్లాగే పారిపోయారు, నిజం మనుషుల్లాగే ఆగి వైద్యం చేశారు.

మూడోదానికి సరే అన్నావు. ట్రయల్. ఒక్క రాత్రి చూస్తారు.

గురువారం రాత్రి పన్నెండుంబావు. నిన్న బుధవారం మెయింటెనెన్స్ అయింది, వారం లెక్క మళ్ళీ మొదలైంది, చచ్చిన బాస్‌లన్నీ లేచి కూర్చున్నాయి. నువ్వు సాయంత్రమే ఆటకి తగిలించుకునే యాడాన్లన్నీ కొత్తవి వేసుకున్నావు. రెయిడ్‌లోకి పిలుపు వచ్చింది. తెర ఎడమవైపు నలభై చిన్న పెట్టెలు పేర్చినట్టు తెరుచుకున్నాయి. ఒక్కో పెట్టెలో ఒక పేరు, ఒక ఆకుపచ్చ గీత. ఆ గీతే ప్రాణం. ఈ రాత్రి నువ్వు కొండని, మంటని, రాక్షసుల్ని పెద్దగా చూడవు. ఈ నలభై గీతల్నే చూస్తావు. హీలర్ బతుకు అదే.

హెడ్‌ఫోన్‌లో ఆమె గొంతు. ఎవరి యాడాన్ పాతదో పేరు పెట్టి చదువుతోంది. ముగ్గురు దొరికారు. నీ పేరు లేదు.

బ్లాక్‌రాక్ కొండ. గొలుసుల మీద నడిచి లోపలికి. మోల్టన్ కోర్. నేల పగుళ్ళలోంచి లావా. దారి తప్పి కాలుపెడితే గీత జర్రున జారిపోతుంది. లూసిఫ్రాన్ పడ్డాడు. మాగ్మడార్ అరిచింది, నీ మంత్రం ట్యాంక్ మీద నిలబడింది, అతను కదల్లేదు. హెడ్‌ఫోన్‌లో ఎవరో "డ్వార్ఫ్!" అని మురిసిపోయారు. గెహెనాస్. గార్. ఈ గుహలో ఉన్న బాస్‌లు పది. ఇక్కడి చివరి బాస్ రాగ్నరోస్‌ని మొదటిసారి కూల్చడానికి ఆటగాళ్ళకి 2005 ఏప్రిల్ దాకా, ఐదు నెలలు పట్టింది. 2019లో వారం తిరక్కముందే కూల్చారు. దారంతా ఇప్పుడు తెలుసు మరి. తెలిసిన దారిలో నలభై మందిని ఒక్కలా నడిపించడమే ఇప్పటికీ కష్టం.

ఐదో బాస్. బారన్ గెడ్డన్. మనిషి ఆకారంలో మంట. గుహలో గస్తీ తిరుగుతున్నవాణ్ణి గార్ పడ్డ గదిలోకి లాక్కొచ్చారు. ఆమె చెబుతోంది: నలభై మందిలో ఎవరో ఒకరి మీద బాంబు పడుతుంది. ఎనిమిది సెకన్లు. పేలితే చుట్టూ ఉన్నవాళ్ళు పోతారు. పడ్డవాళ్ళు ఆ మూల గోడకి పరుగెత్తాలి. వేరే ఏదీ ముఖ్యం కాదు.

మూడు, రెండు, ఒకటి.

గెడ్డన్ మంత్రాలకి కావాల్సిన మానాని తగలబెట్టే మాయ జల్లుతున్నాడు. నువ్వు పెట్టె తరవాత పెట్టె నొక్కుతూ తుడిచేస్తున్నావు. ట్యాంక్ గీత సగానికి జారింది. మూడో వంతు. నువ్వు పెద్ద హీల్ మొదలుపెట్టావు. పూర్తవడానికి మూడు సెకన్లు.

తెర ఎర్రగా వెలిగింది. బాంబు నీ మీదే.

ట్యాంక్ గీత ఇంకా జారుతోంది. వదిలేసి పరుగెత్తనా? ఇదొక్కటీ వేసి పరుగెత్తనా? వేళ్ళు కదల్లేదు. హీల్ పూర్తయింది. గీత లేచింది. పరుగు. ముందు మేజ్ మంత్రగాళ్ళు గుంపుగా ఉన్నారు. పక్కనుంచి. ఇంకో నాలుగడుగులు.

పేలింది.

నువ్వు పైకి ఎగిరావు. గుహ కప్పు కనిపించింది. కింద నీ వెనక పెట్టెలు ఒక్కొక్కటే బూడిద రంగులోకి మారాయి. ఆరు. వాళ్ళలో ఇద్దరు హీలర్లు. అర నిమిషంలో ట్యాంక్ కూడా. తర్వాత అందరూ. వైప్.

చచ్చాక లోకానికి రంగులుండవు. ఆత్మగా శ్మశానంలో లేచి, కొండదాకా పరుగెత్తి, మళ్ళీ లోపలికి రావాలి. నలభై బూడిద ఆకారాలు వరసగా పరుగెడుతున్నాయి. హెడ్‌ఫోన్‌లో ఎవరూ మాట్లాడటం లేదు. నీ చెవులు వేడెక్కాయి. గిల్డ్ వెతుక్కోవడమంటే ప్రకటనలు చదవడం అనుకున్నావు. అసలు వెతకడం ఈ నిశ్శబ్దంలో జరుగుతోంది. ఇప్పుడు వాళ్ళేమంటారో, దాన్నిబట్టి ఉంటావు లేదా పోతావు.

ఆమె గొంతు వచ్చింది. "వెన్నెలా, బాంబు పడినప్పుడు హీల్ వేస్తున్నావా?"

మైక్ బటన్ నొక్కి, ఇంట్లో వినబడకుండా అన్నావు. "అవును. తప్పు నాదే. ట్యాంక్ పోతాడనుకున్నా."

"పోతే పోనీ. ట్యాంక్ ఒక్కడు. నువ్వు పేలితే ఆరుగురు. బఫ్‌లు వేసుకోండి అందరూ, ఐదు నిమిషాల్లో పుల్."

అంతే. ఇంకో మాట లేదు.

చాట్‌లో ఊదారంగు అక్షరాలు మెరిశాయి. గుసగుస. రెండో గుంపులో ఉన్న డ్రూయిడ్, తనూ హీలరే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"పేరు చూసి అనుకున్నా. తెలుగువాళ్ళా అండీ?"

నీ గుండె ఒక్కసారి ఇంటికెళ్ళొచ్చింది. అవునండీ, హైదరాబాద్ అని కొట్టావు.

"మాది తెనాలి. ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్. మొదటి వారం నేనూ ఇక్కడే పేల్చాను, నావల్ల తొమ్మిది మంది. ఈసారి మీ మీద పడితే ట్యాంక్ వైపు చూడకండి. నేను చూసుకుంటా."

మూడు, రెండు, ఒకటి.

మళ్ళీ మంట. మళ్ళీ మాయ. తుడుస్తున్నావు. బాంబు ఒక మేజ్ మీద పడింది, అతను గోడకి పరుగెత్తి ఒంటరిగా పేలాడు. గెడ్డన్ సగానికొచ్చాడు. మంట చక్రంలా తిరిగింది, కత్తులవాళ్ళు వెనక్కి దూకారు. ముప్ఫై శాతం. ట్యాంక్ గీత జారింది. పెద్ద హీల్. మూడు సెకన్లు.

తెర ఎర్రగా.

నీ మీదే.

గీత పావు వంతుంది. హీల్ సగం అయింది.

చెయ్యి వదిలేశావు.

పరుగు.

ఎడమ. లావా పక్కనుంచి. గోడ.

ఐదు. నాలుగు.

పెట్టెల వైపు చూడొద్దు.

మూడు.

చూశావు. గీత సన్నటి దారం.

రెండు.

దారం మీద ఆకుపచ్చ వెలుగు. డ్రూయిడ్.

గీత ఒక్కసారిగా లేచింది.

పేలింది. పైకి ఎగిరావు. ఈసారి కింద ఎవరూ లేరు. నేల వేగంగా దగ్గరికొచ్చింది, సగం ప్రాణం పోయింది, కాళ్ళ మీద నిలబడ్డావు. ఎడమవైపు నలభై పెట్టెలు. అన్నీ వెలుగుతున్నాయి.

రెండు శాతం దగ్గర గెడ్డన్ ఆగాడు. చివరిసారిగా తనే పేలబోతున్నాడు. "దూరం, దూరం, అందరూ దూరం!" దూరం నుంచే బాణాలు, మంత్రాలు. మంట ఒంగింది. కూలింది. హెడ్‌ఫోన్‌లో పది భాషల్లో కేకలు.

రాత్రి మూడున్నర. రాగ్నరోస్ ఇవాళ లేదు, మిగిలినవి ఆదివారం అంది ఆమె. ఆ రోజే ఒనిక్సియా కూడా, పొలుసులు ఇంకా పదకొండు కావాలి. పక్క గదిలో నాన్న దగ్గు వినబడింది. తెర మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది. గిల్డ్ పేరు, కింద రెండు బటన్లు.

నొక్కావు. చాట్‌లో ఇన్నాళ్ళూ నీకు కనిపించని ఆకుపచ్చ అక్షరాలు మొదలయ్యాయి. ఒకటి, మూడు, పది స్వాగతాలు. ఊదారంగులో ఒకటి మాత్రం వేరేగా వచ్చింది.

"తోలు ఒలిచే పని నేర్చుకుంటారా మరి? ఐరన్‌ఫోర్జ్‌లో బ్యాంకు దగ్గర ఉండండి, కత్తి నా దగ్గర ఒకటి ఎక్కువుంది."