లెవీ: గింజల వాసన అంటిన మాట

ఇంగ్లీషు ‘లెవీ’కి మూలం లాటిన్‌లో ఉంది. ఎత్తడం, లేపడం దాని అర్థం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరాక పన్ను రాబట్టడానికీ, యుద్ధానికి జనాన్ని పోగుచేయడానికీ అదే మాటయింది. 1793 ఆగస్టులో ఫ్రాన్సు విప్లవ ప్రభుత్వం జనాన్నంతా సైన్యంలోకి పిలిచిన ఉత్తర్వును ‘లెవే ఆన్ మాస్’ అంటారు. మన ఊహ ఈ ఎత్తడానికి ఎదురు. తెలుగులో పన్ను పైకి లేపేది కాదు, నెత్తిన పడేది. వేస్తారు, మోపుతారు, కాస్త మర్యాదగా అయితే విధిస్తారు.

చట్టం భాషలో లెవీకి ఈ ‘విధించడ’మే సరిపోయింది. రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేనిదే పన్ను విధించకూడదు, వసూలు చేయనూ కూడదు. ఈ రెండూ వేర్వేరు పనులని 268వ అధికరణం చూస్తే తెలుస్తుంది: కొన్ని స్టాంపు సుంకాలు విధించేది కేంద్రం, వసూలు చేసుకునేది రాష్ట్రం.

పల్లెకు మాత్రం ఆ మాట అనువాదం కాకుండానే వచ్చింది, అదీ ధాన్యం బస్తాల మీద. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తిండిగింజలకు కటకట ఏర్పడితే నిజాం ప్రభుత్వం రైతుల దగ్గర నిర్ణీత ధరకు బలవంతంగా ధాన్యం సేకరించింది. ధర ఇస్తున్నారు కనుక నిక్కచ్చిగా చెప్పాలంటే అది పన్ను కాదు. కానీ గాదె ఖాళీ అయినవాడికి ఆ తేడాతో పనేముంది? పలుకుబడి ఉన్న దేశ్‌ముఖులు తప్పించుకున్నారు, భారమంతా చిన్న రైతు మీద పడింది. వెట్టితో పాటు ‘లెవీ గల్లా’ అని పిలిచిన ఈ ధాన్య సేకరణ కూడా తెలంగాణ సాయుధ పోరాటానికి కారణమైంది.

స్వాతంత్ర్యం తర్వాత లెవీ మిల్లులకు మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం మిల్లర్లు ఆడించిన బియ్యంలో 75 శాతం ప్రభుత్వానికి ఇచ్చాకే మిగతాది బయట అమ్ముకోవాల్సి వచ్చేది. రేషన్ షాపు చక్కెర వెనకా లెవీయే ఉండేది. పంచదారకు 2013లో, బియ్యానికి 2015లో కేంద్రం దాన్ని ఎత్తేసింది.

మాట మాత్రం ఇంకోచోట బతికే ఉంది. లెవీ గల్లా ఇవ్వొద్దని ఊళ్లను కూడగట్టిన కమ్యూనిస్టుల పార్టీల్లోనే సభ్యులు తమ ఆదాయాన్ని బట్టి కట్టే సొమ్ముకూ లెవీ అనే పేరు. వరసగా బాకీ పడితే సభ్యత్వానికే ఎసరు.