కోడూరు తోటలు – మామిడి జీనోము

శేషాచల శ్రేణికిని వెలికొండలకును నడుమ, చెన్నపట్టణమునుండి బొంబాయికి పోవు ఇనుపదారి ప్రక్కన, ఎఱ్ఱచందనపు అడవులకు చేరువగా నున్న కోడూరు సీమలో, 1935వ సంవత్సరమున, నాటి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయశాఖవారు ఫలపరిశోధన కేంద్రమొకటి నెలకొల్పిరి. అది అనంతరాజుపేట గ్రామమున నున్నను, శాస్త్రగ్రంథములలో కోడూరు కేంద్రమనియే ప్రసిద్ధి గాంచినది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడుట, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలయుట, 2007లో ఉద్యానశాస్త్రమునకు ప్రత్యేకించి మఱొక విశ్వవిద్యాలయము అవతరించి ఈ కేంద్రమును తన యేలుబడిలోనికి తీసికొనుట, ఇవన్నియు వరుసగా జరిగినవి. ఆ పరిపాలనా వృత్తాంతమును విస్తరించుట ఈ వ్యాసమునకు ఉద్దిష్టము కాదు. నేను చెప్పదలచినది వేఱొకటి కలదు: మామిడిచెట్టు జీవకణములలో నిక్షిప్తమైయున్న జీనోమును అక్షరమక్షరముగా చదువగలిగిన ఈ కాలమున, ఆ చదువునకు అర్థము సమకూర్చునది కోడూరు వంటి తోటలలో పూర్వులు ఓర్పుతో చేసిపెట్టిన పనియే.

ఆ పని పేళ్లతో మొదలైనది. మామిడి విషయమున మన దేశమున పేళ్లకు కొదవ లేదు. కొదవయంతయు వాని నిశ్చయమునందే. ఒక సీమలో బంగినపల్లి యనబడు పండు వేఱొక సీమలో బేనిషా యగును, హైదరాబాదు ప్రాంతమున సఫేదా యగును. తోతాపురి యన్నను, బెంగళూరా యన్నను, కలెక్టరు కాయ యన్నను ఒకే వృక్షజాతిని చెప్పినట్లే. ఇమాంపసందు, హిమాయుద్దీను, హిమాయతు అనునవి మూడు పండ్లో ఒక్కటే పండో నిర్ణయింపలేక బేరగాండ్రు సైతము తడబడుదురు. ఇందులకు విపర్యయముగా, ఒకే పేరు రెండు మూడు భిన్నజాతులకు చెల్లుటయు కలదు. ఇట్టి గందరగోళమున ఏ చెట్టుమీద ఏ ప్రయోగము చేసినను, దాని ఫలితము ఆ తోట గట్టు దాటి పనికిరాదు. కోడూరు కేంద్రమునకు అధ్యక్షులుగా నుండి, తరువాత 1964లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైన కె.సి. నాయక్ గారు ఈ చిక్కును మూలమునుండి విప్పదలచి, ఎస్.ఆర్. గంగొల్లి గారితో కలిసి దక్షిణదేశపు మామిడి జాతుల వర్గీకరణమును గూర్చి ఒక బృహద్గ్రంథమును రచింపగా, అది 1950లో మద్రాసునుండి వెలువడినది.

ఆ వర్గీకరణ పద్ధతిని ఒకమాఱు దగ్గఱగా చూచుట అవసరము. కాయను ముచ్చికవైపునుండి చూచినప్పుడు భుజములు సమముగా నున్నవా, ఒకటి హెచ్చి యొకటి తగ్గినదా; ముక్కు స్ఫుటమైనదా, కేవలము బిందుమాత్రమా; ముక్కునకు పైని నొక్కు కలదా లేదా; తొక్క మందమా పలుచనా, దానిపై చుక్కలు దట్టమా విరళమా; కోసినపుడు కండ ఏ వన్నె, పీచు ఎంత; టెంకపై నరములు నిడుపుగా సాగినవా, గుబురుగా నున్నవా; ఆకు నలిపిన వాసన యెట్టిది; చిగురు వన్నె రాగియా, లేతాకుపచ్చయా. ఇన్ని లక్షణములను ఒక ఏటి కాయను చూచి వ్రాయుట చాలదు. ఏటేట వానతీరు మారును, కాయ తీరును కొంత మారును. కావున ఏది స్థిరము, ఏది చంచలము అని తేల్చుటకు అనేక సంవత్సరముల దప్తరు కావలెను. దక్షిణదేశమున చెదరియున్న వందలకొలది మామిళ్లకు ఇట్టి ఆనవాళ్లు సమకూడినవనిన, అది ఎండలో నిలిచి, చేతికి జీడి తగిలించుకొని, కత్తితో కోసి, రుచి చూచి, కొలిచి వ్రాసినవారి కృషి. మన ప్రాంతమున ఈ స్థాయి విజ్ఞానము మఱి యే పండునకును సమకూడలేదని నా నమ్మకము.

రెండవ ఘట్టము సంకరణము. బంగినపల్లి టెంక పాతిన బంగినపల్లి రాదని మన రైతులకు తరతరాలుగా తెలియును. అందుకే అంటుకట్టు విద్య పుట్టినది. మంచి పండు నిచ్చు చెట్లలో పెక్కు ఏడు విడిచి ఏడు కాయును. జహంగీరు, హిమాయుద్దీను, మల్గోవా వంటి దొరపండ్లు రుచియందు అగ్రగణ్యములయ్యు కాపునందు మిక్కిలి పిసినారులు. ఇక నీలము చిన్నకాయ, ఆలస్యముగా పండునది, టెంకపురుగునకు లోబడునది. అయినను ఏటేట తప్పక కాయును. ఈ రెండు గుణములను ఒకచోట చేర్చుటకై కోడూరు శాస్త్రజ్ఞులు నీలమును బేనిషాతో కలిపి నీలేషానును, హిమాయుద్దీనుతో కలిపి నీలుద్దీనును, మల్గోవాతో కలిపి నీల్గోవాను సృష్టించిరి. చిన్న సువర్ణరేఖను జహంగీరుతో కలుపగా స్వర్ణజహంగీరు, రుమానిని మల్గోవాతో కలుపగా ఔరుమాని పుట్టినవి. తెలంగాణమున సంగారెడ్డి కేంద్రమువారు రుమానీ నీలముల కలయికచే మంజీరను, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు నీలము దశేరీల కలయికచే మల్లికను, ఆ జంటనే తలక్రిందు చేసి ఆమ్రపాలిని సాధించిరి. వీనిలో పెక్కింటియందు నీలము రక్తము ప్రవహించుచున్నదన్న విషయమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

ఈ సంకరణము చెప్పినంత సులభము కాదు. మామిడి పూగుత్తిలో పూలు వేలకొలది యుండును గాని వానిలో అధికభాగము మగపూలే. అండాశయము కలిగిన ద్విలింగ పుష్పములను మొగ్గదశలోనే ఏఱి, తక్కినవానిని గిల్లివేసి, ప్రతి పూవునందును సాధారణముగా నొక్కటిగా నుండు ఫలవంతమైన కేసరమును అది పగులకముందే సన్నని పట్టుకారుతో తొలగించి, గుత్తిని సంచితో కప్పి, తండ్రిచెట్టునుండి తెచ్చిన పుప్పొడిని కీలాగ్రమున కంటించి, మరల సంచి కట్టవలెను. పూవు పట్టుమని కొన్ని మిల్లీమీటర్లకు మించదు. ఇట్లు వందలకొలది పూలకు చేసినను, నిలిచి పండు దశకు వచ్చునవి వ్రేళ్లమీద లెక్కింపదగినవే యగును. పిందెలు రాలును, గాలికి కాయలు రాలును, మిగిలినదాని టెంక మొలవక పోవచ్చును. మొలిచిన మొక్క కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు, ఒక్కొక్కప్పు డంతకు మించి పట్టును. కాపు క్రమమైనదో కాదో తేల్చుటకు మఱి కొన్ని యేండ్లు. ఒక సంకరజాతి యోగ్యతను నిర్ణయించుటకు ఒక ఉద్యోగి సేవాకాలములో సగము గడచిపోవును. కోడూరులో విత్తనమునాటిన చేయి ఒకటి, పండు రుచి చూచిన నోరు వేఱొకటి యగుట అందువలననే.

ఇక జీనోము విషయము. మామిడి కణమున క్రోమోజోములు నలువది యున్నవని ఎస్.కె. ముఖర్జీ గారు కలకత్తాలో సూక్ష్మదర్శినితో పరిశీలించి 1950 ప్రాంతమున నిరూపించుచు, ఈ వృక్షము ప్రాచీనకాలమున రెండు భిన్నజాతుల క్రోమోజోములు కూడి ఇబ్బడించుటచే పుట్టియుండునని ఊహించిరి. ఆ క్రోమోజోములలోని డి.ఎన్.ఏ. యందు నాలుగే నాలుగు అక్షరములు వరుసగా కూర్చబడియున్నవి. వాని సంఖ్య ఒక జతలో ఒక్కొక్క వంతున సుమారు నలుబదికోట్లు. వరిధాన్యపు జీనోముకూడ దాదాపు ఇంతియే. అయిన వరి తన పుప్పొడితోనే తాను ఫలించు మొక్క గావున తల్లివంతు తండ్రివంతు ఏకరూపమున నుండును. మామిడి పరపరాగము నాశ్రయించునది గావున ఆ రెండు వంతులు పరస్పరము భిన్నములై, చదువువాని నడుగడుగున తికమక పెట్టును. టెంక పాతిన తల్లిపోలిక రాకపోవుటకును, శాస్త్రజ్ఞునకు వరుస చిక్కకపోవుటకును కారణమొక్కటే.

చదువుటకు ముందు డి.ఎన్.ఏ.ను బయటికి తీయవలెను గదా. ముదురాకునందు జిగురును, వగరును పుట్టించు ద్రవ్యములు విస్తారముగా నుండి, డి.ఎన్.ఏ.ను పట్టుకొని విడువక గోధుమవన్నె ముద్దగా మార్చివేయును. కావున పరిశోధకుడు ఉదయమున తోటకు పోయి, రాగివన్నెతో వ్రేలాడు లేతచిగురును కోసి, చల్లనిపెట్టెలో నుంచి తెచ్చి, గడ్డకట్టించు ద్రవనత్రజనిలో వేసి కల్వమున నూఱును. ఆకు గాజుపెంకువలె పగిలి మెత్తని పొడియగును. దానిని సి.టి.ఏ.బి. అను లవణముతో కూడిన వేడిద్రావణమున కలిపి, క్లోరోఫారముతో కడిగి, చివరకు చల్లని ఆల్కహాలు పోయగా, నాళికలో తెల్లని దారపుపోగులు కనబడును. ఈ పోగులు ఏ చెట్టువో చెప్పునది నాళికపై అంటించిన చీటి. ఆ చీటికి ప్రమాణము తోటలోని చెట్టునకు కట్టిన ఫలకము.

ఢిల్లీలో నాగేంద్రకుమార్ సింగ్ గారి నాయకత్వమున జాతీయ వృక్ష జీవసాంకేతిక కేంద్రమువారు ఆమ్రపాలి జీనోమును చదివి 2016లో దాని వివరములను వెలువరించిరి. చీనాదేశపు పరిశోధకులు 2020లో ఆల్ఫాన్సో జీనోమును, సుమారు ముప్పదితొమ్మిది కోట్ల అక్షరములతో, ముప్పదినాలుగువేలకు పైబడిన జన్యువులతో ప్రకటించిరి. అదే కాలమున పలుదేశములవారు కూడి అమెరికాలోని ఫ్లారిడాలో పుట్టిన టామీ అట్కిన్స్ జీనోమును ఇరువది క్రోమోజోముల వరుసలో కూర్చిరి. చీనాలో చదివిన ఆల్ఫాన్సో మన చిత్తూరు ప్రాంతమున ఖాదరు అను పేర పండుచున్నదే యని చెప్పగలుగుట నాయక్ గంగొల్లి గార్ల వంటి వారు పర్యాయనామములను సరిచూచినందువలన కలిగిన సౌకర్యము. ఇక ఫ్లారిడాలోని మామిడి వంశమును తిరుగవేసి చూచినను మన దేశమే కనబడును: 1889లో పూనానుండి మల్గోబా అను పేర మామిడి అక్కడికి చేరెను, దాని సంతతియే హేడెన్ అను జాతి, హేడెన్ సంతతిలోనిదిగా టామీ అట్కిన్స్ పరిగణింపబడుచున్నది.

ఈ చదువులు ఇప్పటికే కొన్ని సంగతులు తేల్చినవి. మామిడి పూర్వచరిత్రలో జన్యుసముదాయమంతయు ఒకప్పుడు ఇబ్బడించెనని ఆల్ఫాన్సో వరుస స్పష్టము చేసినది. ముఖర్జీ గారి ఊహలోని ఇబ్బడింపు భాగమునకు ఇది సాక్ష్యము. ముచ్చిక త్రుంచినప్పుడు చిందు జీడి చర్మమును కాల్చుట మనకందఱకు అనుభవమే. జీడిమామిడి, నల్లజీడి, పిస్తా మామిడికి చుట్టములే. ఈ కాల్చుగుణముగల ద్రవ్యమును పుట్టించుటలో పాలుపంచుకొనగల జన్యుకుటుంబమొకటి మామిడిలో విస్తరించి, ఆకునందును తొక్కయందును చుఱుకుగా పనిచేయుచున్నదని అదే పరిశోధన సూచించినది. కొంకణ, మలబారు తీరములలోని ఒలూరు, బప్పకాయి వంటి జాతులలో ఒకే టెంకనుండి పలుమొలకలు వచ్చి, వానిలో పెక్కు తల్లిని అచ్చముగా పోలును. దీనికి మూలమైన జన్యువును మొదట నారింజవర్గమున 2017లో గుర్తించి, అట్టిదే మామిడియందును కలదని తరువాతివారు చూపిరి. వేరుమూలములకొఱకు సమరూపమైన మొక్కలను కోరు మన నర్సరీలకు ఇది ప్రయోజనకరమైన తెలివి.

అయినను రైతు అడుగు ప్రశ్న వేఱు: ఏడు విడిచి ఏడు కాయు చెట్టును ఏటేట కాయించు అక్షరములెక్కడ? ఈ గుణము ఒక జన్యువుచే నడుచునది కాదు. చెట్టులోని పిండిపదార్థపు నిల్వ, గతేడు మోసిన కాపు, చలికాలపు తీరు అన్నియు అందు కలిసియున్నవి. కావున అక్షరములను మాత్రమే చదివి దీనిని తేల్చలేము. ఒకే చెట్టు పది పదిహేనేండ్లు ఎట్లు కాచెనో వ్రాసియుంచిన దప్తరును ఆ చెట్టు జీనోముతో ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. యంత్రము ఏ ప్రయోగశాలలో నైనను దొరకును, దాని వెలయు ఏటేట తగ్గుచున్నది. దప్తరు మాత్రము ఏండ్లు గడచిన తోటలోనే దొరకును. పరిశోధనకు ధనము కేటాయించువారు ఈ భేదమును గుర్తెఱుగుట లేదని నా బాధ. తోటమాలి జీతమునకును, చెట్టు ఫలకములకును, కొత్త అంట్లకును చాలినంత యీయక, యంత్రములకు మాత్రము ఉదారముగా నిచ్చుట ఎన్నో చోట్ల చూచితిని.

ఇంకొక సంగతి. వరి, జొన్న గింజలను ఎండించి చలిగదిలో దశాబ్దములు దాచవచ్చును. మామిడి టెంకలోని విత్తు ఎండిన చచ్చును, చలికి చచ్చును; బ్రతికియున్నను తల్లిజాతిని తిరిగి యీయదు. కాబట్టి ఒక మామిడిజాతిని కాపాడుటయనగా అంటుకట్టిన చెట్టును మట్టిలో నిలిపియుంచుటయే. ముసలిచెట్టు పడిపోవుటకు ముందే దాని కొమ్మను కొత్తవేరుమీదికి ఎక్కింపనియెడల, దానితో ఒక జీనోము భూమిమీద లేకుండ పోవును. 1950 నాటి గ్రంథమున వర్ణితములైన జాతులలో కొన్ని నేడు ఏ తోటలోను కానరావని పెద్దలు చెప్పుదురు. పల్లెలలో రోడ్డు వెడల్పులకును, ఇండ్ల స్థలములకును నరికిన నాటుమామిళ్లలో వానిలో ఎన్ని పోయినవో లెక్కింపగలవారు లేరు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కీర్తి చాలనివి, కోతకు వచ్చినపుడు సంతకు పోక ఊరిలోనే తినబడునవి, ఊరగాయకే పనికివచ్చునవి, ఇంకను అనేకములు గుర్తింపు లేకయే యున్నవి.

కోడూరు కేంద్రమునకు నేను చేయు విన్నపము స్పష్టమైనది. తోటలోనున్న ప్రతి జాతికిని, 1950 గ్రంథములోని వర్ణనతో పోల్చి ఆనవాలు సరిచూచి, చిగురు తీసి డి.ఎన్.ఏ. గుర్తులు వ్రాయించి, దాని కాపు లెక్కను ఆ గుర్తులతో జతపఱచి, రెండవచోట నొక అంటును నాటవలెను. అన్నియు ఒక్కయేట చేయుట కుదరదు గావున నీలముతో మొదలిడుట యుక్తము. ఏలయన ఆమ్రపాలి, మల్లిక, మంజీర, నీలేషాను, నీలుద్దీను, నీల్గోవా అన్నింటియందును దాని వంతు సగమున్నది. ఆమ్రపాలి వరుస చేతనుండగా, నీలము వరుస పూర్తిగా చదివిన పిమ్మట, ఈ ఆరు సంతతులలో ఏ తునక నీలమునుండి వచ్చినదో, ఏది దొరపండ్లనుండి వచ్చినదో విడదీయవచ్చును. అటుపై కోడూరు దప్తరులలోని కాపు లెక్కలను ముందు పెట్టుకొని, ఏటేట కాయు గుణము ఏ తునకలతో కలిసి సంతతికి దిగినదో వెదకుట మొదలుపెట్టవచ్చును.